అక్క మీద అప్పీల్

నాకు కూర్చోవడం రాదు. చిన్నప్పటి నుంచీ అంతే. బడిలో బెంచీ మీద, బస్సులో సీటు మీద, ఎవరింటికైనా వెళితే వాళ్ళ సోఫా మీద, ఎక్కడ కూర్చున్నా నా కుడి మోకాలు దానంతటది ఆడుతూనే ఉంటుంది. "వికెట్ కీపర్ గదా మేడం, మీకు కూసునుడే కదా డ్యూటీ" అని మా ఆఫీసులో ఒకాయన ఎగతాళి చేస్తుంటాడు. స్టంపుల వెనక కూర్చోవడమంటే లేవడానికి సిద్ధంగా ఉండటమని ఎన్నిసార్లు చెప్పినా ఆయన బుర్రకెక్కలేదు. క్రికెట్ తెలియనివాళ్ళతో క్రికెట్ మాట్లాడకూడదని నాకొక నియమం ఉంది. ఆఫీసు నిండా వాళ్ళే కాబట్టి రోజంతా ఆ నియమం తప్పుతూనే ఉంటాను.

ఆదివారం చర్చిలో ఇంకా కష్టం. పాస్టర్‌గారు ప్రసంగం మొదలుపెట్టగానే నా మోకాలూ మొదలవుతుంది. మేం కూర్చున్న బెంచీ మొత్తం సన్నగా వణుకుతుంది. చివర కూర్చున్న పెద్దావిడ బైబిల్ మీద నుంచి తలెత్తి నా వైపు గుడ్లురుముతుంది. అమ్మ ముందుకు చూస్తూనే చెయ్యి చాపి నా మోకాలిని నొక్కి పట్టుకుంటుంది. హనుమకొండలో నర్సుగా చేసి రిటైరైంది అమ్మ. ఏడ్చే పిల్లలను పట్టుకుని సూదులేసిన చెయ్యి కదా, ఆ పట్టు విడిపించుకోవడం నా వల్ల కాదు.

"దేవుడు నీకు కాళ్ళిచ్చిండు గని బ్రేకులియ్యలేదే" అంటుంది బయటికొచ్చాక.

నేను చెప్పబోయే ఏడాది నాటికి నాకు ముప్పై దాటింది. స్టేట్ టీమ్‌లోకి అప్పటికి చాలా ఏళ్ళుగా వస్తూ పోతూ ఉన్నాను. మొదట్లో నేను రెండో కీపర్‌ని. రెండో కీపర్ అంటే మంచినీళ్ళ సీసాలు మోసే మనిషి. మొదటి కీపర్‌కి జ్వరం రావాలని ప్రార్థన చేసే రకం కాదు నేను. కానీ ఆమె తుమ్మితే మాత్రం చెవులు రిక్కించేదాన్ని. చివరికి ఆమెకు వేరే రాష్ట్రంలో ఉద్యోగమొచ్చి వెళ్ళిపోయింది, కీపింగ్ గ్లౌజులు నాకొచ్చాయి. హమ్మయ్య అనుకుని సర్దుకునేలోపే మోకాలి లోపల ఏదో తెగింది. ఆపరేషన్, ఆ తర్వాత చేతి కర్ర, ఆ తర్వాత గోడ పట్టుకుని నడక. కూర్చోవడం రాని మనిషిని నెలల తరబడి కూర్చోబెడితే ఏమవుతుందో మా అమ్మనడగాలి. సీలింగ్ ఫ్యాను సరిగ్గా తిరగట్లేదని దానితో కూడా గొడవపడ్డాను.

నేను మంచం మీద ఉన్న ఆ కాలంలోనే ఆడవాళ్ళ క్రికెట్ మారిపోయింది. టీవీలో లీగ్ వచ్చింది. మేం ఆడినన్నాళ్ళూ మా మ్యాచ్‌లు చూసింది గ్రౌండ్ పక్కన మేకలు కాసుకునేవాళ్ళు. ఇప్పుడు స్టేట్ మ్యాచ్‌లకు లీగ్ టీముల మనుషులు వచ్చి కుర్చీలు వేసుకుని కూర్చుంటున్నారు. మా అమ్మతో పాటు వార్డులో పనిచేసిన ఆయమ్మలు కూడా ఫలానా పిల్ల సిక్స్ కొట్టిందని చెప్పుకుంటున్నారు. ఇదంతా చూస్తుంటే నాకు ఒళ్ళు మండేది. వచ్చేదేదో నా మోకాలు తెగకముందే రావచ్చు కదా. నాకిక కావలసింది ఒక్కటే. చూసేవాళ్ళు చూస్తుండగా స్టేట్ టీమ్‌కి ఒక్క సీజన్ కీపింగ్ చెయ్యాలి. లీగ్‌లోకి తీసుకుంటారా లేదా అన్నది తర్వాతి మాట. వాళ్ళు నన్ను ఒక్కసారి చూడాలి.

మోకాలు బాగయ్యాక సెలెక్టర్ మేడం ఫోన్ చేసింది. ఒకప్పుడు నాతోపాటు ఆడిన మనిషే. మొహమాటం లేకుండా చెప్పింది.

"ఒక్క కీపర్‌నే తీసుకుంటం. ట్రయల్ మ్యాచ్‌ల ఎవలు మంచిగ చేస్తె వాళ్ళే. ఈ యేడు గాకుంటే ఇగ నిన్ను పిలువుడు నాతోని గాదు. జర వయసు గూడ చూడాలె గదా."

"సరే మేడం. ఇంకో కీపర్ ఎవలు?"

"నీకు తెల్వదా? మీ పిల్లనే."

ఆమె మా పిల్ల ఎలా అయిందో చెప్పాలి.

హనుమకొండలో ఒక కాలేజీ గ్రౌండ్ మూల మా ప్రాక్టీస్. పెద్ద గ్రౌండ్లలో ఉండే పచ్చిక పిచ్, అదే టర్ఫ్, మాకు లేదు. మట్టి మీద కొబ్బరి పీచు మ్యాట్ పరిచి ఆడతాం. పొద్దున్నే వచ్చినవాళ్ళు ముందు ఆ మ్యాట్ చుట్టను భుజాలకెత్తుకుని తెచ్చి, దొర్లించి, నాలుగు వైపులా గుంజి, చుట్టూ ఇనుప మేకులు కొట్టాలి. గుంజడం సరిగ్గా లేకపోతే మ్యాట్ ముడత పడుతుంది, ముడత మీద పడ్డ బంతి మూతి పళ్ళు రాలగొడుతుంది. మా పక్కనే స్కూటీ నేర్చుకునేవాళ్ళు, కానిస్టేబుల్ పరీక్ష కోసం పరుగెత్తేవాళ్ళు, వాకింగ్ పెద్దమనుషులు. వాళ్ళలో ఒకాయన రోజూ మా మ్యాట్ మీదుగానే నడిచేవాడు. "జర పక్క పొంటి పోరాదు తాతా" అంటే, "ఈ గ్రౌండ్ నీకు రాసిచ్చిండ్రా?" అనేవాడు. ఆయనతో గొడవపడకుండా నాకు తెల్లారేది కాదు.

ఒకసారి మ్యాట్ నడిమికి చిరిగింది. కొత్తది తెప్పించే దిక్కు లేదు. మట్టెవాడలో పరుపులు కుట్టే దుకాణమాయన కుడతాడని ఎవరో చెబితే పిలిపించాం. ఆయన దబ్బనం, పురికొస పట్టుకుని వచ్చాడు. వెంట బడికెళ్ళే వయసు కూతురు. ఆయన ఎండలో మ్యాట్ మీద కూర్చుని కుడుతుంటే, ఆ పిల్ల ఊరికే ఉండలేక నేను వేరే అమ్మాయికి క్యాచ్‌లు విసిరే చోటికి వచ్చి నిలబడింది. ఆ అమ్మాయి వదిలేసిన బంతి ఒకటి వెనక్కి పోయింది. ఈ పిల్ల దాన్ని పట్టుకుంది. బంతి చేతుల్లో పడ్డ చప్పుడు రాలేదు. అలా చేతులు మెత్తగా పెట్టి చప్పుడు రాకుండా బంతి పట్టడం నేర్పాలంటే నా తల ప్రాణం తోకకొచ్చేది. నేను వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళి, రేపట్నుంచి పిల్లను పంపమన్నాను.

"బాల్ తాకితే ఎట్ల బేటా?" అన్నాడాయన.

"తాకుతది" అన్నాను.

ఆయన నవ్వి, దారం కొరికి, సరేనన్నాడు. అలా వచ్చిన పిల్ల నా దగ్గరే పెరిగింది. కూర్చునే తీరు, లేచే తీరు, బంతి అందుకుని స్టంపుల మీది బెయిల్స్ పడగొట్టే తీరు, అన్నీ నావే. నేను ఎన్ని తిట్టినా ఆమె నోట్లోంచి వచ్చేవి రెండే మాటలు. ఒకటి "సరే అక్కా", రెండోది "సారీ అక్కా".

మా దగ్గర ఒకసారి అక్కా అని పిలిచారంటే ఇక అంతే. అక్క నీళ్ళు తాగాకే తాము తాగుతారు. అక్క ప్యాడ్లు విప్పేదాకా నిలబడే ఉంటారు. నెట్స్‌లో నన్ను బౌల్డ్ చేసిన పిల్ల కూడా నాలుక కరుచుకుని సారీ చెబుతుంది. పిల్లలకు ఎంత మర్యాద అని పెద్దవాళ్ళందరూ మురిసిపోయేవాళ్ళు. నేనూ మురిసిపోయేదాన్నే.

ట్రయల్ మ్యాచ్ హైదరాబాద్ శివార్లలో. ముందు ఆదివారం పాస్టర్‌గారు నా పేరు చెప్పి మరీ ప్రార్థన చేశారు. అమ్మ ఆమెన్ అన్న గొంతుకు ముందు బెంచీవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఆ పిల్ల కోసం వాళ్ళమ్మ ఇంట్లో నమాజులో దువా చేస్తోందని నాకు తెలుసు. ఒకే జత గ్లౌజుల కోసం దేవుడికి ఇన్ని వైపుల నుంచి అర్జీలు వెళితే ఆయన మాత్రం ఏం చేస్తాడు అనుకున్నాను.

ఇద్దరం ఒకే రైల్లో పోయాం. నా కిట్ బ్యాగు కూడా ఆమే మోసింది, వద్దంటే వినలేదు. సీటు దొరికితే నన్ను కూర్చోమంది. నేను కూర్చోలేక డోర్ దగ్గర నిలబడ్డాను. ఆమె కూడా వచ్చి నా వెనకే నిలబడింది.

"నువ్వెందుకచ్చినవ్? పోయి కూసో."

"నువ్వు నిలబడితె నేనెట్ల కూసుంట అక్కా? మోకాలెట్లున్నది?"

"నా మోకాలి ఫికర్ నీకెందుకే? అది ఇరిగితె నీకే మంచిది గదా" అన్నాను. నవ్వుతూనే అన్నాను. కానీ పిల్ల మొహం చిన్నబోయింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు చిరాకేసింది. పోటీకి వచ్చిన మనిషి కాస్త పోటీలా ఉండాలి. ఇలా కళ్ళనీళ్ళు పెట్టుకుంటే దీన్ని ఓడించి నేనెలా సంతోషపడాలి? కాజీపేట దాటి ఘట్‌కేసర్ వచ్చేదాకా తలుపు బయటికే చూస్తూ నిలబడ్డాను.

ఇద్దరినీ చెరో టీమ్‌లో వేశారు. మా టీమ్‌ది మొదట ఫీల్డింగ్. నా మోకాలు ఆ రోజు నన్ను మోసం చెయ్యలేదు. లెగ్ సైడ్ దూకి ఒక క్యాచ్ పట్టాను. లేచి నిలబడి మోకాలు తడుముకుని, ఉందిలే అనుకున్నాను. షామియానా కింద కూర్చున్న సెలెక్టర్లు తలలూపడం చూశాను. పిల్ల బ్యాటింగ్ కూడా బాగానే చేసింది. వెనక నుంచి నేను నోటికొచ్చిందల్లా వాగుతూనే ఉన్నాను. కీపర్ నోరు ఆగకూడదు, బ్యాటర్ మనసు చెడగొట్టాలి, అది మా పనిలో భాగం. ఆమె ప్రతి మాటకూ తలూపింది. ఒకసారి పొరపాటున "సరే అక్కా" అని కూడా అంది. స్లిప్‌లో ఉన్న అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వింది.

తర్వాత మా బ్యాటింగ్. వికెట్లు రెండు తొందరగా పోయాయి, నేను దిగాను. ఇప్పుడు నా వెనక ఆమె. ఆదిలాబాద్ నుంచి వచ్చిన ఎడంచేతి స్పిన్నర్ బౌలింగ్. పిచ్ నెమ్మదిగా ఉంది, బంతి మోకాలి ఎత్తు కూడా రావడం లేదు. అలాంటి పిచ్ మీద నాలాంటిది క్రీజులో కుదురుగా నిలబడాలి. నిలబడటమే కదా నాకు రానిది. రెండో ఓవర్లోనే ముందుకు దూకాను. బంతి నా బ్యాటును తప్పించుకుని వెనక్కి పోయింది. నా కాలు క్రీజు గీతకు చాలా దూరంలో ఉంది, కీపర్ బంతి అందుకుని బెయిల్స్ పడగొడితే నేను అవుట్. అయిపోయింది అనుకున్నాను.

అయిపోలేదు. బంతి ఆమె గ్లౌజుల కింద నుంచి, రెండు ప్యాడ్ల మధ్య నుంచి దూరి బౌండరీకి పోయింది. నాలుగు బైస్, అంటే కీపర్ వదిలేసినందుకు వచ్చే పరుగులు.

ఎందుకు దూరిందో నాకు చూడకుండానే తెలుసు. బంతి నన్ను చేరకముందే నా వెనక ప్యాడ్ల పట్టీలు కిర్రుమన్నాయి. ఆమె ముందే లేచింది. అది మ్యాట్ మీద పెరిగిన కీపర్ల జబ్బు. మ్యాట్ మీద పడ్డ ప్రతి బంతీ ఛాతీ దాకా లేస్తుంది కాబట్టి మేం బంతి పడకముందే లేవడానికి అలవాటుపడతాం. టర్ఫ్ మీద బంతి లేవదు. మనం పైన ఉంటాం, అది కింద నుంచి పోతుంది. నాక్కూడా ఆ జబ్బు ఉండేది. స్టేట్ టీమ్‌లో మొదటి ఏడాది అది వదలడానికి నేను తిన్న తిట్లు ఇన్నీ అన్నీ కావు. మ్యాట్ మీద ఎంత చెప్పినా ఆ సంగతి పిల్లలకు తలకెక్కదు, ఎందుకంటే అక్కడ ముందే లేచినవాళ్ళే బాగా పడతారు.

షామియానా వైపు చూశాను. మేడం పక్కామె చెవిలో ఏదో అంటోంది. ఇంకో ఓవర్లో ఇంకో బంతి అలాగే దూరింది. నా లెక్క తేలిపోయింది. నేను నోరు మూసుకుంటే చాలు. ఆమె ఇలాగే లేస్తుంది, బంతులు ఇలాగే దూరతాయి, సాయంత్రానికి గ్లౌజులు నావి. నేను ప్రత్యేకంగా ఏమీ చెయ్యక్కర్లేదు. ఏమీ చెయ్యకుండా ఉండటమే నాకు చేతకాని పని.

ఓవర్ అయ్యాక ఆమె అటువైపు స్టంపులకు పోతూ నా పక్క నుంచి వెళ్ళింది. మొహం మాడిపోయి ఉంది.

"ఏయ్, ఆగు" అన్నాను. "జల్దీ లేస్తానవే. ఇది మ్యాట్ గాదు. బంతి పడి లేసినంకనే నువ్వు లేవాలె. గప్పటిదాక కిందనే ఉండు."

ఆమె నా మొహంలోకి చూసింది. "సరే అక్కా" అంది.

దీన్ని ఎవరూ మంచితనం అనుకోవద్దు. పక్కింట్లో పాలు పొంగుతుంటే గోడ మీద నుంచి పొయ్యి ఆపమని అరుస్తాం కదా, అలాంటిదే ఇది. పైగా నాకు ధీమా కూడా ఉంది. చెప్పినంత మాత్రాన ఇన్నేళ్ళ అలవాటు పూటలో పోతుందా అనుకున్నాను. నాకు ఏడాది పట్టింది మరి.

ఆ తర్వాత నేను బాగా ఆడాను. ఇన్నాళ్ళూ మంచం మీద పడుకుని గాలిలో కొట్టిన షాట్లన్నీ ఆ మధ్యాహ్నం నిజంగా కొట్టాను. పరుగు తీస్తుంటే కుడి మోకాలు ఎడమ మోకాలు ఒకేలా ఉన్నాయి. గెలవడానికి ఇంకా కొన్ని పరుగులు కావాలి, అవి నేను కొడితే మాటే లేదు. మేడం కుర్చీలోంచి ముందుకు వంగి చూస్తోంది. సింగిల్స్ తీసుకుంటూ పోతే సరిపోయేది. ఎవరైనా అదే చేసేవాళ్ళు. ఎడంచేతి స్పిన్నర్ మళ్ళీ వచ్చింది, బంతిని పైకి లేపి వేసింది. గాలిలో ఉన్న బంతిని చూస్తే నా కాళ్ళు నా మాట వినవు. ముందుకు దూకాను.

బంతి నేననుకున్నదాని కంటే ముందే దిగింది, తిరిగింది, బ్యాటు అంచు పక్క నుంచి పోయింది. నా వెనక ఏ చప్పుడూ రాలేదు. పట్టీలు కిర్రుమనలేదు. ఆమె కిందే ఉంది. ఆ క్షణంలోనే నాకు అర్థమైపోయింది. కాలు వెనక్కి లాగాను, బ్యాటు చాపాను. బెయిల్స్ పడ్డ చప్పుడు విన్నాను. కిందికి చూస్తే నా బూటు కొన క్రీజు గీత మీద ఉంది. గీత మీద ఉంటే అవుటే, గీత లోపలుండాలి.

కీపర్ అరుపు కోసం ఆగాను.

వెనక్కి తిరిగాను. బంతి గ్లౌజుల్లో పట్టుకుని ఆ పిల్ల నిలబడి ఉంది. నా బూటు వైపు చూసింది, నా మొహం వైపు చూసింది. మెల్లగా, నాకొక్కదానికే వినబడేలా అంది.

"సారీ అక్కా."

క్రికెట్‌లో ఒక రూలుంది. ఫీల్డింగ్ చేసేవాళ్ళు అడగనిదే అంపైర్ అవుట్ ఇవ్వడు. ఎంత అవుటైనా సరే, ఎవరో ఒకరు హౌజ్ దట్ అని అప్పీల్ చెయ్యాలి. ఇలా కీపర్ చేసే స్టంపింగ్ అయితే అందరూ కీపర్ మొహమే చూస్తారు, కాలు ఎక్కడుందో దగ్గర్నుంచి తెలిసేది ఆమెకే. బౌలర్ చెయ్యి సగం లేపి ఆమె వైపు చూసింది. ఆమె నోరు తెరవకపోయేసరికి చెయ్యి దించేసింది. పక్కనున్న అంపైర్ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. అడగందే ఆయన మాత్రం ఎందుకు చెబుతాడు? నేను క్రీజులో నిలబడి ఉన్నాను, మేడం చూస్తోంది, మ్యాచ్ మిగిలే ఉంది, గ్లౌజులు నావే. అబద్ధం చెప్పను, ఒక క్షణం ఊరుకున్నాను. నా జన్మలో అంత సేపు నేనెప్పుడూ ఊరుకోలేదు.

నా అంతట నేను బ్యాటు చంకలో పెట్టుకుని నడిచి వెళ్ళిపోవచ్చు. అదీ రూల్లో ఉంది. కానీ అలా పోతే పేరు నాకొస్తుంది. ఎంత పెద్ద మనసు, ఎంత నిజాయితీ అని చప్పట్లు కొడతారు. ఆ స్టంపింగ్ చేసిందెవరు? బంతి లేచేదాకా కింద కూర్చున్నదెవరు? నేను ఏడాది పాటు తిట్లు తిని నేర్చుకున్నది పూటలో నేర్చుకుని, నేర్చుకున్న గంటలోపు నా మీదే చేసి, చివర్లో సారీ చెబుతుందా? కోపం అరికాలి నుంచి తలకెక్కింది.

"సారీ ఏందే?" అని అరిచాను. గ్రౌండ్ మొత్తానికి వినబడింది. "అడుగు! అడగవేందే? నన్ను అవుట్ చేసుడు గూడ నేనే చెప్పాల్నా?"

ఆమె బిక్కచచ్చిపోయింది. అంపైర్ వైపు తిరిగి, హోటల్లో ఇంకొంచెం చట్నీ అడిగినట్టు, "హౌజ్ దట్?" అంది.

"గట్టిగ!"

ఆమె కళ్ళు మూసుకుంది. బంతి పట్టుకున్న చెయ్యి పైకెత్తి అరిచింది. ఆ గొంతు ఆమెలో ఉందని నాకిన్నాళ్ళూ తెలియదు. అంపైర్ నా వైపు ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూసి వేలెత్తాడు.

అప్పుడు నడిచాను. నాలుగడుగులు వేసేసరికి కోపం దిగిపోయింది, దిగిపోయాక మిగిలింది చూసుకుంటే భయమేసింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ నిలబడాలనిపించింది. కోపంలో అన్నాను సార్, ఉత్తిదే అని చెప్పాలనిపించింది. షామియానా దగ్గరికి వచ్చేసరికి మేడం లేచి నిలబడి ఉంది.

"నువ్వు బ్యాటింగ్‌కచ్చినవా, కోచింగ్‌కచ్చినవా?" అంది.

ఆమెను దాటి షామియానా వెనక్కి పోయాను. నిలబడే ప్యాడ్లు విప్పుకున్నాను.

మ్యాచ్ మేం ఓడిపోయాం. ఎండ తగ్గాక అందరినీ నిలబెట్టి పేర్లు చదివారు. కీపర్ దగ్గర ఆమె పేరు చదివారు. నాది ఎక్కడా లేదు. తెలిసిందే కదా అనుకున్నాను. తెలిసినా సరే, చివరి పేరు దాకా విన్నాను. చదవడం అయిపోయాక కూడా ఇంకేదైనా ఉందేమోనని నిలబడే ఉన్నాను.

ఆమె నా దగ్గరికి వచ్చింది. మొహమంతా తడి. "అక్కా, నేను పోను. మేడంకు చెప్త. నువ్వే పో."

చెయ్యి లేపబోయి ఆపుకున్నాను. "నువ్వు పోకుంటె నన్ను పిలుస్తరనుకున్నవా? ఇంకెవలనో పిలుస్తరు. నోరు మూసుకోని పో."

తిరుగు రైల్లో ఆమె కూర్చుంది. నేనే కూర్చోబెట్టాను. నేను డోర్ దగ్గర నిలబడ్డాను. కాసేపటికి లేచి వచ్చి అడిగింది.

"కోపమచ్చిందా అక్కా?"

"అచ్చింది."

"నా మీదనా?"

"నీ మీద, నా మీద, ఆ మేడం మీద, ఈ రైలు మీద. అందరి మీద. పోయి కూసో."

ఇంటికెళ్ళాక అమ్మ నా మొహం చూసి స్టవ్ వెలిగించి టీ పెట్టింది. నేను వంటింట్లో, వరండాలో, మళ్ళీ వంటింట్లో తిరుగుతుంటే, ఆ రోజు మాత్రం కూర్చోమనలేదు. కప్పు పట్టుకుని నాతోపాటు తిరిగింది. అప్పుడు చెప్పాను జరిగిందంతా. అంతా విని, "అడగమని నువ్వే అన్నవా?" అంది. అవునన్నాను. "పిచ్చిదానివే" అంది, నా నెత్తి మీద చెయ్యి పెట్టి. నాకప్పుడు ఏడుపు రాలేదు.

ఆ సీజన్‌లో ఆమె మొదటి మ్యాచ్ ఫోన్లో లైవ్ వచ్చింది. ఆఫీసులో మధ్యాహ్నం భోజనాల వేళ. నేను ఫోన్‌ను టిఫిన్ డబ్బాకు ఆనించి పెట్టుకుని చూస్తున్నాను. నన్ను ఎగతాళి చేసే ఆయన కూడా పక్కకు వచ్చి నిలబడ్డాడు. అవతలి టీమ్ బ్యాటర్ టీవీ లీగ్‌లో ఆడిన పిల్ల. స్పిన్నర్‌ను కొట్టడానికి ముందుకు దూకింది. స్టంపుల వెనక మా పిల్ల కదల్లేదు. బంతి పడింది, లేచింది, అప్పుడు లేచింది ఆమె. బెయిల్స్ ఎగిరాయి. ఆ బ్యాటర్ మొహం చూడలేదు, కాలు చూడలేదు. నేరుగా అంపైర్ వైపు తిరిగి, చెయ్యెత్తి, ఫోన్ స్పీకర్ బద్దలయ్యేలా అరిచింది. కెమెరా అటు కుర్చీలు వేసుకుని కూర్చున్న లీగ్ టీముల మనుషుల వైపు తిరిగింది. వాళ్ళు ఆమెను చూస్తున్నారు.

నాకు ఏడుపు ఆగలేదు. అన్నం ముందు కూర్చుని, ఎంగిలి చేత్తో మొహం తుడుచుకోలేక, భుజానికి రాసుకుంటూ ఏడ్చాను. చుట్టూ ఉన్నవాళ్ళు లేచి వచ్చారు.

"శిష్యురాలు గెలిచింది గదా, మేడంకు సంతోషం ఆగుతలేదు" అన్నాడాయన అందరితో.

ఆయన అన్నది సగం నిజం.